91 వరుసలు: ఒక నాటకశాల లైట్ల లెక్క తేల్చిన నా అనుభవం

2024 నవంబరు 6న మా జిల్లాలోని ఒక ఆడిటోరియం కార్యదర్శి ఫోను చేశారు. డిసెంబరు 13, 14, 15 తేదీల్లో అక్కడ నాటిక పోటీలు జరగాలి. "లైట్లన్నీ ఉన్నాయమ్మా. కానీ ఏ మీట జరిపితే ఏది వెలుగుతుందో ఎవరికీ తెలియడం లేదు. ఏది ఎక్కడుందో, దాని నంబరేమిటో మొత్తం రాసి ఇవ్వగలవా?" అని అడిగారు.

నేను పదకొండేళ్లుగా నాటకాలకు లైటింగ్ చేస్తున్నాను. ఆ హాలు నాకు కొత్తేమీ కాదు. కానీ అక్కడ ఇరవై ఏళ్లు లైట్లు చూసుకున్న మాస్టారు రెండేళ్ల క్రితం పని మానేసి, బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆయన ఉన్నప్పుడు మేం ఏదీ అడగాల్సిన అవసరం ఉండేది కాదు. "వీధి గుమ్మం మీద కాస్త వెలుతురు కావాలి మాస్టారూ" అంటే వచ్చేసేది. ఆయన వెళ్లాక హాలుకు మిగిలింది పాత బిల్లుల కట్ట, ఒక ప్లాను కాగితం. ఆ ప్లానులో ఉన్నదానికీ పైన వేలాడుతున్నదానికీ పొంతన లేదని మొదటి పూటే తెలిసిపోయింది.

పది రోజులు పడుతుందని, 45 వేలు తీసుకుంటానని చెప్పాను. పట్టింది 27 రోజులు. ఇలాంటి పని ఒప్పుకోబోయేవారికి పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నవంబరు 11, సోమవారం. కంట్రోల్ గదిలో లైటింగ్ కన్సోల్ (లైట్లను నడిపే మీటల బల్ల) వెనక ఉన్న నెట్‌వర్క్ స్విచ్చుకు నా ల్యాప్‌టాప్ తగిలించి, డీఎంఎక్స్ వర్క్‌షాప్ తెరిచాను. ఆర్ట్‌నెట్ (లైట్ల ఆజ్ఞలను నెట్‌వర్క్ తీగ మీద పంపే భాష) మాట్లాడే పరికరాలను వెతికిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. కన్సోల్ నుంచి నెట్‌వర్క్ తీగ మీద వచ్చే సమాచారాన్ని లైట్లకు అర్థమయ్యే డీఎంఎక్స్ అనే సంకేతాలుగా మార్చే పెట్టెలను నోడ్లు అంటాం. బిల్లుల ప్రకారం అవి నాలుగు ఉండాలి. తెరమీద ఒక్కటీ లేదు. ఖాళీ జాబితా.

మూడు గంటలు ఆ ఖాళీ జాబితానే చూస్తూ కూర్చున్నాను. హాల్లో ఏసీ వేయలేదు, ఫ్యాన్లు లేవు. తీగ తెగిందేమో, స్విచ్చు పోయిందేమో, మాట ఇచ్చి తప్పు చేశానేమో అని రకరకాల ఆలోచనలు. చివరికి తేలింది ఇది. నా ల్యాప్‌టాప్ చిరునామా 192.168 తో మొదలవుతోంది. ఆర్ట్‌నెట్ పరికరాలు సాధారణంగా 2 తో గాని 10 తో గాని మొదలయ్యే చిరునామాల్లో ఉంటాయి. ల్యాప్‌టాప్‌కు 2.0.0.50 అని, మాస్కు 255.0.0.0 అని చేత్తో ఇచ్చాను. అయినా రాలేదు. వైఫై ఆపేశాను, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ తన పిలుపును తీగలోకి కాక వైఫైలోకి పంపుతోంది. అప్పుడూ రాలేదు. విండోస్ ఫైర్‌వాల్ జవాబులను అడ్డుకుంటోందని గుర్తొచ్చి, ఆర్ట్‌నెట్ వాడే 6454 పోర్టును అనుమతించాను. ఒక్కసారిగా మూడు పేర్లు వరసగా వచ్చాయి. నాతో వచ్చిన కుర్రాడు చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను.

మీరు వెతకబోతే ఈ మూడూ ముందే చూసుకోండి: చిరునామా, వైఫై, ఫైర్‌వాల్. నా మొదటి రోజు వాటికే పోయింది.

నాలుగో నోడు రెండు రోజులు కనిపించలేదు. అది ప్రేక్షకుల తలల మీద, సీలింగులో ఉండే నడక దారిలో ఎక్కడో ఉండాలి. 13వ తేదీన పైకి వెళ్లాం. మోకాళ్ల మీద పాకే చోటు అది. పావురాల రెట్టలు, పొరలు పొరలుగా దుమ్ము. నోడు దొరికింది గానీ దానికి కరెంటు లేదు. తీగ వెంట వెనక్కి వస్తే ఒక ఎంసీబీ దగ్గర తేలింది. దాని మీద 'ఏసీ' అని అంటించి ఉంది. "అది ఏసీదమ్మా, ముట్టుకోవద్దని చెప్పారు" అని వాచ్‌మన్ రెండు రోజులుగా చెబుతూనే ఉన్నాడు. ఆయన తప్పేమీ లేదు. చీటీ ఏమి చెబితే ఆయన అది నమ్మాడు. ఎవరో ఒకరోజు ఆ ఎంసీబీని నోడుకు వాడుకుని, చీటీ మార్చలేదు.

కరెంటు ఇచ్చినా నోడు జాబితాలోకి రాలేదు. ఈసారి కంగారు పడలేదు. తీగ మీద వచ్చేపోయే సమాచారాన్ని చూపించే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, నోడును ఆపి మళ్లీ వేశాను. చాలా పరికరాలు కరెంటు అందగానే తమ చిరునామాను ఒకసారి నెట్‌వర్క్ అంతటికీ చాటుకుంటాయి. మన చిరునామా వేరే వరసలో ఉన్నా ఆ చాటింపు మన తీగ దాకా వస్తుంది. వచ్చింది: 192.168.1.20. ఎప్పుడో ఎవరో దాని చిరునామా మార్చి, మిగతా మూడింటి నుంచి దాన్ని వేరు చేశారు. ల్యాప్‌టాప్‌ను కాసేపు ఆ వరసలోకి మార్చి, దాని సెట్టింగులన్నీ ఫోటో తీసుకుని, ఆ తరవాతే 2 వరసలోకి తెచ్చాను. నాలుగూ కనిపించాయి.

మరునాడు నా ఆర్‌డీఎం డబ్బా, అంటే దీపాలను పలకరించి వాటి జవాబు వినే పెట్టె, కొరియర్లో వచ్చింది. దీనికి 18,500 అయింది. నా సొంత ఖర్చే, కానీ అది లేకుండా ఈ పని జరగదు. డీఎంఎక్స్ 1986 నాటిది. దానిలో కన్సోల్ చెబుతుంది, దీపం వింటుంది, తిరిగి మాట్లాడదు. 2006లో ప్రమాణంగా వచ్చిన ఆర్‌డీఎం అదే తీగ మీద దీపం కూడా జవాబు చెప్పే దారి చూపింది. తన చిరునామా (కన్సోల్ ఏ ఛానల్ నంబరు నుంచి దాన్ని నడుపుతుందో ఆ అంకె), ఏ మోడ్‌లో (ఎన్ని ఛానళ్లు వాడే అమరికలో) ఉంది, ఎన్ని గంటలు వెలిగింది, ఎవరైనా పెట్టిన పేరు ఉంటే అది, అన్నీ చెప్పగలదు. నిచ్చెన ఎక్కకుండా అరవై దీపాల లెక్క తీసేయవచ్చని నేను సంబరపడింది ఆ ధైర్యంతోనే.

15వ తేదీ కార్తీక పౌర్ణమి. తాళాలున్న మనిషి గుడికి వెళ్లాడు, పని లేదు.

16న ముందు వరుసతో మొదలుపెట్టాను. హాలు పైనుంచి రంగస్థలం మీదికి తిరిగి ఉండే 12 ఎల్‌ఈడీ ప్రొఫైల్ దీపాలు, అంటే వెలుతురును అంచు కట్టి ఒకచోట వేసేవి. 'వెతుకు' నొక్కాను. ఇరవై సెకన్లలో పన్నెండుకు పన్నెండూ వచ్చేశాయి. అంత ఆనందం ఈ పనిలో మళ్లీ నాకు చాలా రోజుల దాకా రాలేదు. వెంటనే ఆ జాబితాను ఫైలుగా దాచాను. అలా దాచడమే తరవాత నన్ను కాపాడింది.

తరవాత రెండో బారు, అంటే దీపాలు వేలాడదీసే రెండో గొట్టం. అక్కడ 16 పార్ దీపాలు కళ్లకు కనిపిస్తూ వేలాడుతున్నాయి. సాఫ్ట్‌వేర్ చూపిన సంఖ్య: సున్నా. దీపాలు పాతవేమో అనుకుని తయారీదారు పుస్తకం చూస్తే ఆర్‌డీఎం ఉందనే రాసి ఉంది. మధ్యలో ఏముందో చూద్దామని నిచ్చెన వేయించి ఎక్కాను. నోడుకూ దీపాలకూ మధ్య ఒక స్ప్లిటర్ ఉంది. ఒక తీగను ఎనిమిదిగా పంచే పెట్టె. పాత స్ప్లిటర్లు ఒకవైపే దారి ఇస్తాయి. దీపాలకు మా పిలుపు చేరుతోంది, వాటి జవాబు ఆ పెట్టె దగ్గర ఆగిపోతోంది. స్ప్లిటర్‌ను తప్పించి నేరుగా తగిలించాను. 9 వచ్చాయి. మళ్లీ వెతికితే 11. ఇంకోసారి వెతికితే 7.

ప్రతిసారీ మారే సంఖ్య సున్నా కంటే ఎక్కువగా నన్ను కుంగదీసింది. సున్నా అంటే ఎక్కడో ఒక తప్పు ఉందని అర్థం. 9, 11, 7 అంటే దేన్ని నమ్మాలి? ఆ రాత్రి ఇంటికి వచ్చి సరిగా తినలేదు.

కారణం అర్థం కావాలంటే ఈ వెతుకులాట ఎలా జరుగుతుందో కొంచెం తెలియాలి. ప్రతి ఆర్‌డీఎం పరికరానికీ పుట్టుకతో 48 బిట్ల సంఖ్య ఒకటి ఉంటుంది. మొదటి 16 బిట్లు తయారీదారువి, మిగతా 32 ఆ ఒక్క పరికరానివి. సాఫ్ట్‌వేర్ మొదట "ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉన్న సంఖ్యల్లో ఎవరున్నారు?" అని అడుగుతుంది. అందరూ ఒకేసారి పలికితే మాటలు కలగాపులగమవుతాయి. అప్పుడు సగానికి కోసి అడుగుతుంది, అందులో మళ్లీ సగం. ఒక్క గొంతే స్పష్టంగా వినిపించినప్పుడు ఆ పరికరాన్ని రాసుకుని, "నువ్విక మాట్లాడకు" అని చెప్పి మిగతావాటిని పిలుస్తుంది. తీగ చివర నుంచి సంకేతం ప్రతిధ్వనిలా వెనక్కి కొడుతుంటే ఆ స్పష్టమైన గొంతు కూడా చెడిపోతుంది. అందుకే వరుసలో ఆఖరి దీపానికి, సంకేతం వెనక్కి కొట్టకుండా ఆపే టెర్మినేటర్ ఉండాలి. రెండో బారుకు లేదు. పైగా తీగలో సగం మైక్ తీగ, డీఎంఎక్స్ ది కాదు.

17వ తేదీ ఆదివారం ఊళ్లో తెరిచి ఉన్న ఒక్క ఎలక్ట్రానిక్స్ దుకాణంలో 120 ఓముల రెసిస్టర్లు పది కొన్నాను. ఒక్కోటి రూపాయి. తీగ చివర తగిలించే ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గులు ఎనిమిది, ఒక్కోటి 90. రెండో పిన్నుకూ మూడో పిన్నుకూ మధ్య రెసిస్టర్ అతికిస్తే టెర్మినేటర్ తయారు. ఆఖరి దీపానికి తగిలించి వెతికితే 15 వచ్చాయి. నాలుగుసార్లు వెతికాను. నాలుగుసార్లూ 15. 91 రూపాయల వస్తువు చేసిన మేలు అది.

పదహారోది? సాఫ్ట్‌వేర్‌ను మరోసారి వేధించకుండా నిచ్చెన ఎక్కాను. ఎడమ నుంచి ఆరో దీపం మిగతావాటిలా లేదు. ఎప్పుడో పాడైన దాని స్థానంలో వేరే రకం తెచ్చి బిగించారు. దానికి ఆర్‌డీఎం లేదు, తెర కూడా లేదు, వెనక చిన్న స్విచ్చుల వరుస ఉంది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని ప్రతి స్విచ్చుకూ విలువ రెట్టింపవుతూ పోతుంది. మొదటిది, నాలుగోది, ఆరోది పైకి ఉన్నాయి. 1, 8, 32 కలిపితే 41, అదే ఆ దీపం చిరునామా. కుర్రాడు కింద నుంచి "నలభై ఒకటి!" అని రాసుకున్నాడు. జాబితాలోకి మనిషి కళ్లతో ఎక్కిన మొదటి వరుస అది.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్ ఎన్ని చూపినా, కింద నుంచి లెక్కపెట్టి అంకె సరిపోతేనే ఆ బారు అయినట్టు. జవాబు చెప్పేవే దానికి దొరుకుతాయి. చెప్పలేనివి, కరెంటు లేనివి, నోరు లేనివి దాని లెక్కలో ఉండవు. ఆరు మూవింగ్ హెడ్ల (తల తిప్పే దీపాల) దగ్గర ఇది మరీ తేటతెల్లమైంది. ఆరింటికి మూడే వచ్చాయి. వాటిలో ఒకదాన్ని గుర్తింపు కోసం వెలిగించమని అడిగితే, రంగస్థలానికి రెండు వైపులా నాలుగు యంత్రాలు ఒకేసారి తల తిప్పి వెలిగాయి. చౌకగా వచ్చిన ఆ నాలుగింటికీ తయారీలోనే ఒకటే సంఖ్య ముద్రించి పంపారు. నలుగురూ ఒకే మాటను ఒకే క్షణంలో పలుకుతుంటే ఒక్క గొంతులానే వినిపిస్తుంది కదా. వాటిని ఒక్కొక్కటిగా తీగ ఊడదీసి, యంత్రం తెర మీదే చూసి రాసుకోవలసి వచ్చింది. ఒక పూర్తి రోజు.

19న జరిగినది రాయడానికి ఇప్పటికీ మనసు ఒప్పుకోదు. సాయంత్రం ఒక కూచిపూడి బడి పిల్లలు రంగస్థలం మీద సాధన చేస్తున్నారు. నేను పైన మూడో బారు వెతుకుతున్నాను, వాళ్ల వెలుతురుకు నాకు సంబంధం లేదనుకున్నాను. 'వెతుకు' నొక్కగానే పాత డిమ్మర్లకు (వెలుతురును పెంచి తగ్గించే పెట్టెలకు) ఉన్న పెద్ద దీపాలు పట్టపగలులా భగ్గుమని, ఆరి, మళ్లీ వెలిగాయి. ఆర్‌డీఎం సందేశాలకు ముందు ఒక వేరే గుర్తు ఉంటుంది. అది తమకు కాదని పరికరాలు వదిలేయాలి. ఆ పాత డిమ్మర్లు ఆ గుర్తును చూడకుండా దాన్ని వెలుతురు ఆజ్ఞగా చదువుకున్నాయి. ఒక చిన్నపాప భయపడి ఏడ్చింది. దిగివెళ్లి వాళ్ల గురువుగారికి క్షమాపణ చెప్పాను. ఆ తరవాత హాల్లో ఒక్క మనిషి ఉన్నా వెతకడం పెట్టుకోలేదు. మీరూ పెట్టుకోవద్దు. దీనివల్ల రాత్రి తొమ్మిది తరవాతే పని చేయాల్సి వచ్చి రోజులు మరింత సాగాయి.

ఇక అసలు తప్పు. 21వ తేదీన ముందు వరుస జాబితాను మళ్లీ చూస్తుంటే, నాలుగో దీపానికీ తొమ్మిదో దానికీ ఒకటే చిరునామా ఉంది: 49. మిగతావన్నీ ఎనిమిదేసి ఛానళ్ల తేడాతో చక్కగా ఉన్నాయి. పొరపాటున పడిన చిరునామా అనుకున్నాను. ఖాళీగా ఉన్న 89ని తొమ్మిదో దీపానికి ఇచ్చేశాను. కూర్చున్న చోటి నుంచి రెండు నొక్కులతో అయిపోయింది. ఇంత సులువుగా దిద్దగలిగినందుకు గర్వపడ్డాను కూడా.

22 సాయంత్రం ఒక నాటిక బృందం సాధనకు వచ్చింది. మాస్టారు కన్సోల్‌లో దాచిన పాత వెలుతురు అమరికలనే వాళ్లు ఏటా వాడుకుంటారు. తల్లి పాత్ర కుర్చీలో కూర్చుని కొడుకుతో మాట్లాడే ఘట్టం. దర్శకుడు ఆపేశారు. "ఏమ్మా, ఆమె ముఖం సగం చీకటిగా ఉంది. ఎప్పుడూ ఇలా లేదే?" నాకు అర్థం కాలేదు. కన్సోల్ సరిగ్గానే ఉంది. దీపాలు సరిగ్గానే ఉన్నాయి. మాస్టారికి ఫోను చేశాను.

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అమ్మాయ్, నాలుగూ తొమ్మిదీ అమ్మ కుర్చీవి. కావాలనే రెండింటికీ ఒకే నంబరు పెట్టాను. అటొకటి, ఇటొకటి పడితే ముఖం మీద నీడ ఉండదు. వాటిని విడదీశావా?"

విడదీశానని చెప్పాను. గొంతు పెగల్లేదు. ఆయన కోప్పడలేదు. "దీపంలోనే రాసిపెట్టానుగా, చూడలేదా?" అన్నారు.

చూడలేదు. ఆర్‌డీఎంలో ప్రతి దీపానికీ 32 అక్షరాల దాకా పేరు రాసుకునే చోటు ఉంటుంది. నేను వాడిన సాఫ్ట్‌వేర్ వెతికేటప్పుడు ఆ పేర్లను తెచ్చి చూపదు, ఒక్కో దీపాన్ని తెరిచి విడిగా అడగాలి. ఆ రాత్రి పన్నెండింటినీ తెరిచాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. వీధి గుమ్మం. తులసికోట. వాలుకుర్చీ. మంచం. అమ్మ కుర్చీ ఒకటి, అమ్మ కుర్చీ రెండు. నాలుగింటికి పేర్లు లేవు. ఎవరూ లేని హాల్లో ఆ తెర ముందు కూర్చుని ఎంతసేపు చూశానో గుర్తులేదు. ఇరవై ఏళ్లలో ఆ రంగస్థలం మీద వేసిన ఇళ్లన్నీ ఆ దీపాల లోపల ఉన్నాయి. నేను గీసిన పట్టికలో మాత్రం వాటికి 'ముందు వరుస 4', 'ముందు వరుస 9' అని పేర్లు.

16న దాచిన మొదటి ఫైలు ఉంది కాబట్టి పాత చిరునామా ఏమిటో అనుమానం లేకుండా తిరిగి 49 చేశాను. ఆ రోజు నుంచి సాఫ్ట్‌వేర్‌లో మార్పు చేసే పనిని నాకు నేనే నిషేధించుకున్నాను. మొదట ఉన్నది ఉన్నట్టు రాయాలి, అది ఎందుకు అలా ఉందో తెలిసిన మనిషిని అడగాలి, అప్పటికీ తప్పేనని తేలితే దిద్దాలి. పట్టికలో 'మాస్టారి పేరు' అని ఒక నిలువు వరుస చేర్చాను. ఆయన రోజూ సాయంత్రం ఆరింటికి ఫోనులో కూర్చునేవారు. పేర్లు లేని నాలుగింటికి ఆయన చెబుతుంటే నేను ఎక్కించాను.

పట్టిక తయారీలో చిన్న చిన్న దెబ్బలు చాలా తగిలాయి. రెండు మాత్రం చెబుతాను. దీపాల పుట్టుక సంఖ్యల్లో అంకెలతో పాటు ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉంటాయి. అన్నీ అంకెలై మధ్యలో 'ఈ' అక్షరం ఒక్కటే పడిన సంఖ్యను ఎక్సెల్ ఏదో బ్రహ్మాండమైన గణితసంఖ్యగా అనుకుని మార్చేస్తుంది, అసలుది పోతుంది. ఫైలు తెరిచే ముందే ఆ వరుసను అక్షరాల వరుసగా పెట్టుకోవాలి. నేను ఏడు సంఖ్యలు పోగొట్టుకుని మళ్లీ వెతికాను. రెండోది యూనివర్స్‌ల లెక్క. 512 ఛానళ్ల కట్టను యూనివర్స్ అంటాం. ఆర్ట్‌నెట్ ఆ కట్టలను సున్నా నుంచి లెక్కపెడుతుంది, కన్సోల్ ఒకటి నుంచి. నోడులో సున్నా అని ఉన్నది కన్సోల్‌లో ఒకటి. నేను నోడు చెప్పిందే రాసుకుంటూ పోయాను. 25న ఆ హాలు ఆపరేటర్ కుర్రాడికి చిత్తుప్రతి ఇస్తే, "అక్కా, ఏదీ సరిపోవడం లేదు" అని తెచ్చి ఇచ్చాడు. ఇప్పుడు పట్టికలో రెండు అంకెలూ పక్కపక్కన ఉన్నాయి.

పాత డిమ్మర్లు రెండు, ఒక్కోదానికి 12 ఛానళ్లు. వాటికి ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు. నేను ఒక్కో ఛానల్‌ను సన్నగా వెలిగించడం, కుర్రాడు తలెత్తి ఏది ఎర్రబడిందో చూసి అరవడం. రెండో డిమ్మరు తొమ్మిదో ఛానల్ దగ్గర ఎక్కడా ఏమీ వెలగలేదు. డిమ్మరు నుంచి కరెంటు బయటికి వస్తోంది. తీగ గొట్టంలో దూరి నేల కిందికి, రంగస్థలం ముందు వైపు పోతోంది. ఎక్కడ తేలుతుందో కనబడలేదు. మాస్టారిని అడిగితే ఆ రోజు గుర్తు రాలేదన్నారు. పట్టికలో అది 81వ వరుస. ఆ గడి ఖాళీగా వదిలాను, 'లేదు' అని రాయలేదు.

రెండువైపులా దారి ఇచ్చే కొత్త స్ప్లిటర్‌కు కమిటీ ఒప్పుకోవడానికి అయిదు రోజులు పట్టింది. 14 వేలు వాళ్లే ఇచ్చారు. 27న చెన్నైలో ఒక దుకాణానికి చెబితే 30కి పంపుతామన్నారు. ఆ రోజే ఫెంగల్ తుపాను వచ్చి చెన్నై నీట మునిగింది. పెట్టె మాకు చేరింది డిసెంబరు 5న. బిగించి, అన్ని బారులనూ ఒకేచోట నుంచి చివరిసారి వెతికాను. నోరున్నవన్నీ పలికాయి. లేనివి పట్టికలో చేత్తో రాసి ఉన్నాయి.

డిసెంబరు 7న అప్పగించాను. 60 దీపాలు, 24 డిమ్మరు ఛానళ్లు, నాలుగు నోడ్లు, రెండు నెట్‌వర్క్ స్విచ్చులు, ఒక స్ప్లిటర్. మొత్తం 91 వరుసలు. డిమ్మర్ల గది తలుపుకు లోపలి వైపు ఒక ప్రతి, కంట్రోల్ గదిలో ఒకటి, కార్యదర్శి బీరువాలో పెన్‌డ్రైవ్. 'ఏసీ' అని ఉన్న ఆ ఎంసీబీ చీటీ తీసి కొత్తది అంటించాను. వాచ్‌మన్‌ను పిలిచి చూపించాను కూడా.

ఖర్చు కూడా చెప్పాలి, ఎందుకంటే నేను ఒప్పుకున్న ధర తప్పు. ఆర్‌డీఎం డబ్బా 18,500. నిచ్చెన అద్దె రోజుకు 600 చొప్పున తొమ్మిది రోజులకు 5,400. సాయం వచ్చిన కుర్రాడికి 800 చొప్పున 14 రోజులకు 11,200. తీగలకు కట్టే నంబరు బిళ్లలు 1,100. ప్లగ్గులు 720, రెసిస్టర్లు 10, పట్టికల లామినేషన్ 420. మొత్తం 37,350. 45 వేలలో నాకు మిగిలింది 7,650. డబ్బా నా దగ్గరే ఉంది కాబట్టి పూర్తి నష్టం అనను. కానీ ఇలాంటి హాలుకు ఈసారి ఎవరైనా అడిగితే దీపాల సంఖ్యను బట్టి ధర చెబుతాను, గడువు నెల అంటాను, రాత్రిపూట తాళాలు నా చేతిలో ఉండాలని ముందే రాయించుకుంటాను.

పోటీల రెండో రోజు, 14న, రెండు నాటికల మధ్య విరామంలో రెండో బారులో ఒక పార్ దీపం ఆగిపోయింది. నేను ప్రేక్షకుల్లో ఉన్నాను, లేచి వెళ్లబోయాను. అప్పటికే ఆపరేటర్ కుర్రాడు తలుపు వెనక పట్టిక చూసి, చిరునామా, మోడ్ రాసుకుని, అదనంగా ఉన్న దీపానికి అవే పెట్టి పైకి పంపించాడు. తెర సమయానికే లేచింది. మరునాడు చూస్తే పట్టికలో పాత దీపం సంఖ్య కొట్టేసి, పక్కన కొత్త సంఖ్య, తేదీ పెన్నుతో రాశాడు.

పట్టిక ప్రతి ఒకటి మాస్టారికి పోస్టులో పంపాను. డిసెంబరు 21 రాత్రి ఆయన ఫోను చేశారు. "81 దగ్గర ఖాళీ వదిలావేం?" అన్నారు. తీగ ఎటు పోయిందో దొరకలేదని చెప్పాను. "మెట్ల పక్కన, ఎడమ అంచున నేల మీద చిన్న చెక్క మూత ఉంటుంది చూడు. పద్య నాటకం ఆడినప్పుడు హార్మోనియం ఆయన అక్కడే కూర్చునేవాడు. హార్మోనియం మెట్లు కనబడటం లేదంటే ఆయన కోసం దీపం వేయించాను."

మరునాడు ఆదివారం. వాచ్‌మన్ తాళం తీశాడు. తివాచీ ఎత్తితే చెక్క మూత ఉంది. మూత కింద దుమ్ము పట్టిన సాకెట్టు ఉంది, బల్బు లేదు. ఇంటి నుంచి తెచ్చిన బల్బు పెట్టి, కుర్రాడిని రెండో డిమ్మరు తొమ్మిదో ఛానల్ పెంచమన్నాను. వెలిగింది. 81వ వరుస ఖాళీ గడిలో 'హార్మోనియం' అని రాసి తేదీ వేశాను.